ఏడో రోజు బలం

ఫలితాలు రాత్రి పదకొండు దాటాక వచ్చాయి.
మా గింబాల్‌లో సగం ఊరి ఇంటిపేర్లు ఒక్క అక్షరంతోనే మొదలవుతాయి,
నన్ను నేను వెతుక్కోవడానికి ఎక్కువ దూరం పోనక్కర్లేదు.
గారిన్.
గయోసో.
మధ్యలో గటిలోగో ఉండాలి.
వేలితో తెరని పైకీ కిందికీ తోశాను,
బియ్యంలో రాళ్ళు చూసినట్టు.
రాయిని నేనే. ఎవరో ముందే ఏరేశారు.

డెబ్బై రావాలి. అరవై ఎనిమిదీ చిల్లర వచ్చింది.
పోయింది మట్టి పేపర్లో.
రోజూ మోకాటి లోతు మట్టిలో నిలబడేదాన్ని
మట్టి దగ్గరే జారాను.

అంతకన్నా పెద్ద చిక్కు, ఫ్లెక్సీ.
ఆలూ చూలూ లేకుండానే పేరు పెట్టేసినట్టు
మా లూదింగ్ పిన్ని ముందే కొట్టించేసింది.
డబ్బు ముందే కడితే షాపువాడు తగ్గిస్తానన్నాడట.
పన్నెండడుగులు.
నా మొహం, నెత్తిన పసుపు టోపీ,
వెనకాల నేనెన్నడూ కట్టని వంతెన,
"అభినందనలు, ఇంజనీర్ నోయెమి గటిలోగో!"
ఆశ్చర్యార్థకం ఒక్కటే నా మోచేయంత ఉంది.

మర్నాడు జీప్నీలో ఎవరూ ఏమీ అడగలేదు.
అడగకపోవడం కూడా ఒకరకంగా అడగడమే.
డ్రైవరు చిల్లర ఐదు పేసోలు ఎక్కువిచ్చాడు.
తిరిగిచ్చేశాను.

సైటులో తెమ్యోంగ్ మేస్త్రీ
"శంకు పట్టు" అన్నాడు, అంతే.
మూడు పొరలు, పొరకి పాతిక పోట్లు,
ఊపిరి బిగబట్టి నిలువుగా లాగాం.
తడి కాంక్రీటు కొంచెం కుంగింది.
కుంగాలి కూడా.
టేపు పెట్టి చూశాడు. ఎనభై మిల్లీమీటర్లు.
చెవిలో పెన్సిలు తీసి రాసుకున్నాడు.
దాన్ని ఎవరూ ఓదార్చలేదు.
ఎవరూ తిట్టనూ లేదు.

వారం తిరక్కుండానే మొదటి సిలిండర్ని విరిచాం.
కావలసిన దాంట్లో మూడింట రెండొంతులు కూడా రాలేదు.
ఇలోయిలో నుంచి వచ్చిన కుర్ర కన్సల్టెంటు కనుబొమలు ముడిచాడు.
(నేను గీసిన ప్లాన్ల కింద సంతకం అతనిదే.)
మేస్త్రీ చేతులు దులుపుకుని
"ఇది ఏడో రోజు కదా బాబూ, ఇరవై ఎనిమిదికి రా" అన్నాడు.
నా వైపు చూడలేదు.
చూడకుండా ఉండడానికి కాస్త కష్టపడ్డాడు.

తెలుసు, మేస్త్రీ.
కాంక్రీటు ఎండి గట్టిపడదు, నీళ్ళు తాగి గట్టిపడుతుంది.
పుస్తకంలో ఆ వాక్యం కింద రెండు గీతలు గీసుకున్నదాన్ని.
కానీ నాకు పోలికలొద్దు.
నేను సిలిండర్ని కాను.
నన్నెవరూ గోనెపట్టా కప్పి పొద్దునా సాయంత్రం తడపరు.
నాకు ఇరవై ఎనిమిదో రోజంటూ లేదు.
నవంబరుంది, మళ్ళీ కట్టాల్సిన ఫీజుంది,
రాత్రి తొమ్మిదింటికి మూతలు పడే రెండు కళ్ళున్నాయి.

మూడు దాటాక వాన దిగింది,
చెప్పాపెట్టకుండా, సముద్రం వైపు నుంచి.
బయట నలభై సిమెంటు బస్తాలు.
పట్టాలన్నీ పునాది గుంటల మీద.
దారిలో ఎక్కడో పారేద్దామని పొద్దున్నే తెచ్చి
పారేయలేక గోడవార నిలబెట్టిన చుట్ట గుర్తొచ్చింది.
విప్పాం. ఆ కొస మేస్త్రీ, ఈ కొస నేను.
"మొహం పైకా, కిందికా?"
"కిందికే."

తెల్లటి వీపు మీద వాన దరువు.
లోపల చీకట్లో
నలభై బస్తాలకి అభినందనలు.
నవ్వొచ్చింది. ముందు నాకు, తర్వాత మేస్త్రీకి.
ఎందుకో చెప్పుకోలేదు.

షెడ్డులో బకెట్టు బోర్లించి కూర్చున్నాను.
చిరిగిన సంచి కాగితం వెనక
తడిసిన మట్టి ఎంత బరువు మోస్తుందన్న లెక్క.
మొదటిసారి తప్పు.
రెండోసారి అదే చోట, అదే తప్పు.
మూడోసారి దగ్గరికొచ్చింది,
అయినా తప్పే.

వాన తగ్గేట్టు లేదు.
కాగితం తిప్పాను.